కరకట్ట మీద పరుగు

“రేపు తెల్లారేసరికి బండి వస్తుంది. నువ్వు చెరువు మీద ఉంటావా, ఉండవా? అదొక్కటి చెప్పు,” అన్నాడు మధుసూదనరావు.

శశిధర్ తలెత్తలేదు. వరండాలో కింద కూర్చుని ప్లాస్టిక్ డబ్బాల్లో సామాన్లు సర్దుతున్నాడు. మేజోళ్లు, తువ్వాళ్లు, తెల్ల టేపు, వేజలిన్ సీసా, ఖర్జూరాలు, ఓఆర్ఎస్ పొట్లాలు. సర్దిందే తీసి మళ్లీ సర్దుతున్నాడు.

“నిన్నే అడుగుతున్నాను.”

“ఉండను నాన్నా. పొద్దున్నే చెప్పాను కదా.”

పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి మారుతుందని మధుసూదనరావు ఆశపడ్డాడు. పక్క రైతు చెరువులో తెల్లమచ్చ కనిపించిందన్న కబురు నిన్ననే వచ్చింది. రొయ్యకి ఆ జబ్బు తగిలిందంటే చూస్తూ చూస్తూ ఉండగానే చెరువు ఖాళీ అవుతుంది. అందుకే వచ్చేవారం పెట్టుకున్న రొయ్యల పట్టుబడిని ఆయన ఆదివారానికి లాగేశాడు. ఆ ఆదివారమే దివిసీమలో సుష్మిత పరుగు. కరకట్ట వెంబడి, మడ అడవి అంచున, సముద్రం ఒడ్డున అరవై అయిదు కిలోమీటర్లు. ఎనిమిది నెలలుగా ఆమె దానికోసమే చీకటితో లేచి బంటుమిల్లి కాలువ గట్ల మీద పరిగెడుతోంది.

“దేవదానం ఉన్నాడు. నువ్వున్నావు. వల లాగే మనుషులు వస్తున్నారు. నేను లేనంత మాత్రాన అక్కడ ఆగిపోయేదేమీ లేదు,” అన్నాడు శశిధర్.

“మరి నువ్వు లేకపోతే ఆ పరుగు ఆగిపోతుందా?”

శశిధర్ చేతులు ఆగాయి. ఆగదు. సుష్మిత సంగతి అతనికి తెలుసు.

“ఎందుకాగదూ!” అంది వంటింటి గుమ్మంలోంచి రాజ్యలక్ష్మి. “సీసా ఎవరందిస్తారు? చెమటెవరు తుడుస్తారు? నలభై దగ్గర పడుతోంటే ఇంటి కోడలు లాగూ వేసుకుని గట్ల మీద పరిగెత్తడం, కారేసుకుని దాని వెనకాల మొగుడు! చెరువుకి జబ్బొస్తుంటే వదిలేసి పెళ్లాం చెప్పులు మోస్తున్నాడట అనుకుంటారు రేపు ఊళ్లో.”

“బూట్లమ్మా. చెప్పులు కాదు.”

“నవ్వులాటగా ఉందా నీకు?”

“లేదు.” శశిధర్ డబ్బా మూత నొక్కిపెట్టి లేచాడు. “చెరువు పోయిన ప్రతిసారీ సుష్మి నాతోపాటు గట్టు మీద నిలబడింది. నువ్వూ చూశావు. చచ్చిన రొయ్యని తట్టలకెత్తి పూడుస్తుంటే, కోర్టుకి సెలవు పెట్టి వచ్చి తట్ట పట్టింది. ‘నాకేంటి’ అని ఒక్కనాడు అందా? రేపు ఒక్కరోజు నేను దాని పక్కన నిలబడతానంటే ఇంత రాద్ధాంతం దేనికి?”

“చెరువు అన్నం పెడుతుందిరా. పరుగేం పెడుతుంది?”

గేటు చప్పుడైంది. అందరూ ఒక్కసారి నోళ్లు మూసుకున్నారు.

సుష్మిత బందరు బస్సు దిగి వస్తోంది. జిల్లా కోర్టులో స్టెనో ఆమె. శనివారమైనా ఏదో తీర్పు టైపు చేయాల్సి ఉందని వెళ్లింది. గేటు దగ్గరే ఎంతసేపు ఆగిందో, ఎంత విందో ఆమె మొహం చూస్తే తెలియలేదు. చెప్పులు విడిచి, సంచిలోంచి మందుల పొట్లం తీసి మధుసూదనరావు పక్కనున్న బల్ల మీద పెట్టింది.

“నీ బీపీ మాత్రలు మావయ్యా. పాతవి అయిపోయాయిగా.”

ఆయన తల ఊపాడు. సుష్మిత స్వయానా ఆయన చెల్లెలి కూతురు. గుడివాడలో తన చేతుల మీద పెరిగిన పిల్ల. కోప్పడడానికి నోరు రాదు, ఊరుకోవడానికి మనసొప్పదు. ఆయన పొట్లం చేతిలోకి తీసుకుని, విప్పకుండా అలాగే కూర్చున్నాడు.

గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాక సుష్మిత అంది: “రేపు నువ్వు రావద్దు బావా.”

“వస్తున్నాను.”

“పరుగు నడిపించే జీవన్ కుమార్ గారికి ఫోన్ చేశాను. మనుషులు తోడు లేనివాళ్ల సామాన్లు వాళ్లే ఒక్కొక్క చోటికీ చేరవేస్తారట. నాకు ఇబ్బంది లేదు.”

“నాకుంది.”

“నీ మీద మావయ్యకి కోపం, నా మీద అత్తయ్యకి కోపం. ఇవన్నీ నెత్తిన పెట్టుకుని నేనెలా పరిగెత్తను? నువ్వొచ్చి నిలబడ్డప్పుడల్లా నాకు చెరువే గుర్తొస్తుంది.”

శశిధర్ మంచం అంచున కూర్చున్నాడు. ఎదురుగా గోడకి ఆనించి ఆమె బూట్లున్నాయి. గట్ల మీది నల్లమట్టి ఎంత కడిగినా కుట్లలోంచి పోలేదు.

ఇదంతా డాక్టరు చెప్పిన ఒక్క మాటతో మొదలైంది. షుగరు అంచు మీద ఉంది, నడవమన్నాడు. నడిచింది. కొన్నాళ్లకి నడక చాల్లేదు. “నడుస్తుంటే ఇంటి సంగతులన్నీ వెంట వస్తాయి బావా, పరిగెడితే రాలేవు,” అని ఒకసారి నవ్వుతూ అంది. ఆ నవ్వు చూసి చాలాకాలమైందని ఆవేళే అతనికి తట్టింది.

“నేను రాకపోతే నువ్వు పరిగెత్తలేవని కాదు సుష్మీ. నువ్వు నన్ను చెరువు దగ్గర వదిలేసి వెళ్లినా నీకేం కాదు, నాకు తెలుసు. కానీ నేను వల పక్కన నిలబడి కరకట్ట వైపు చూస్తూ ఉంటాను. ఆ పనీ చెయ్యలేను, ఈ పనీ చెయ్యలేను. అటో ఇటో ఒకచోట నిండుగా ఉండాలి మనిషి.”

ఆమె జడ విప్పుకుంది.

“వస్తే ఒక్క మాట,” అంది చివరికి. “నా దగ్గర ఏదీ దాచకూడదు. దారి మొత్తం మీద నాకు కనబడే నా మనిషివి నువ్వొక్కడివే. నీ మొహంలోంచి నేను సంగతులు తవ్వుకోవాల్సి వచ్చిందంటే నాకు కాళ్లు పడిపోతాయి.”

“దాచను.”

ఆ మాట ఇచ్చేటప్పుడు అందులో బరువేమీ కనిపించలేదు శశిధర్‌కి.

*

అవనిగడ్డలో మంచు విడవకముందే పరుగు మొదలైంది. హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ వచ్చినవాళ్లే ఎక్కువ. సన్నగా, తేలిగ్గా, ఒకళ్లనొకళ్లు పేర్లతో పిలుచుకుంటున్నారు. సుష్మిత ఎవరితోనూ మాట్లాడలేదు. ఈల మోగగానే గుంపు వెనక చేరి, కాలువ గట్టు మీద తన రోజువారీ పరుగెలా మొదలుపెడుతుందో అలాగే మొదలుపెట్టింది.

నాగాయలంక దగ్గర కరకట్ట కింద టార్పాలిన్ నీడలో శశిధర్ చాప పరిచాడు. దాని మీద అన్నీ వరసగా పెట్టాడు. ఆమె రాగానే అన్నీ తారుమారయ్యాయి. సీసా మూత రాలేదు. మజ్జిగ ఇవ్వబోయి ఉప్పునీళ్లు ఇచ్చాడు. టేపు చివర దొరక్క గోళ్లతో గీకుతుంటే సుష్మిత అతని చేతిలోంచి లాక్కుని పళ్లతో చింపింది.

“కంగారు పడకు బావా. పరిగెత్తేది నేను.”

ఎడమకాలి మడమ దగ్గర బొబ్బ లేస్తోంది. శశిధర్ ఆ కాలు తన తొడ మీద పెట్టుకుని, తుడిచి, ఆరబెట్టి, టేపు వేశాడు. రేవు నుంచి చేపల తట్టలతో వస్తున్న ఆడవాళ్లు కట్ట మీద ఆగిపోయారు.

“ఏవండోయ్, పెళ్లామా, అమ్మవారా? అంత భక్తిగా పడుతున్నారు కాళ్లు!” అంది అందులో ఒకామె. మిగతావాళ్లు పకపకా నవ్వారు.

ఇంకో రోజైతే శశిధర్ మొహం కందగడ్డయ్యేది. ఇవాళ మేజోడు తొడగడంలో ఉన్నాడు.

“పెళ్లామేనండి. ఇంకా చాలా దూరం వెళ్లాలి,” అన్నాడు.

ఆ ఆడవాళ్లు నవ్వాపి సుష్మితని ఎగాదిగా చూశారు. “ఎందాకా?” అని అడిగింది ఒకామె.

“మడల్లోంచి తిరిగి, సముద్రం ఒడ్డున పడి హంసలదీవి దాకా.”

“అమ్మ బాబోయ్! ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?”

సుష్మిత నోట్లో ఖర్జూరంతోనే నవ్వింది. లేచి, చేతులు దులుపుకుని, వెళ్లిపోయింది. కట్ట మలుపు తిరిగేదాకా ఆ ఆడవాళ్లు అక్కడే నిలబడి చూశారు.

*

సొర్లగొంది దగ్గర రోడ్డు ఆగిపోయే చోట రెండో మజిలీ. మడ అడవిలోకి వెళ్లినవాళ్లు చుట్టూ తిరిగి అక్కడే బయటికి వస్తారు. లోపల ఫోన్లు పనిచెయ్యవు. పరుగు నడిపిస్తున్న జీవన్ కుమార్ మెడలో ఈల వేసుకుని, వచ్చినవాళ్ల నంబర్లు మైకులో చెబుతున్నాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. గొంతు ఇంకా గ్రౌండు అవతలికి వినబడుతుంది.

శశిధర్ ఫోన్ మోగింది. అమ్మ.

“ఒరే, మీ నాన్న పడిపోయారురా.”

అతనికి ఒక్క క్షణం మైకు మోత తప్ప ఏమీ వినబడలేదు.

“వల లాగుతుంటే ఏదో చిక్కుకుందని తనే గట్టు దిగారట. జారి రాళ్ల మీద పడ్డారు. లెమ్మంటే లేవలేకపోతున్నారు. నువ్వుంటే ఆయన దిగేవాడా? నువ్వుంటే దిగేవాడా చెప్పు! ఎక్కడున్నావు? ఇంకా దాని వెనకే ఉన్నావా?”

ఫోన్ దేవదానం తీసుకున్నాడు. చెరువుల మీద ఎప్పటినుంచో ఉంటున్న మనిషి. గొంతు స్థిమితంగా ఉంది. “శశిగారూ, తొడ దగ్గర విరిగినట్టుందండి. తెలివిలోనే ఉన్నారు, మాట్లాడుతున్నారు. అంబులెన్స్ ఎక్కించాం. బందరు తీసుకెళ్తున్నారు. అమ్మగారు కూడా ఎక్కుతున్నారు. ఇక్కడ సగం పైన పట్టేశాం, మిగతాది లోడు చేయించి నేనొస్తాను. మీరు మాత్రం బయలుదేరండి.”

“బయలుదేరతాను,” అన్నాడు శశిధర్.

కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. మడ అడవి వైపు చూశాడు. ఆకుపచ్చగా, ఎత్తు లేకుండా, చూపు ఆనినంత మేరా ఒకటే గోడ. అందులో ఎక్కడో మోకాలి లోతు బురదలో సుష్మిత ఉంది. ఆమె నీళ్లు, తిండి, మారుబూట్లు అన్నీ కారులో ఉన్నాయి. అవి ఇక్కడ దింపేసి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోతే, వచ్చి చూసుకునేసరికి చాప ఉంటుంది, డబ్బాలుంటాయి, అతనుండడు.

సంగతి విని జీవన్ కుమార్ మైకు పక్కన పెట్టాడు.

“మీరు వెళ్లండి సార్. ఆవిడకి మాత్రం ఏమీ చెప్పొద్దు. అర్జంటు పని పడిందని నేను చెప్తాను. ఇన్ని నెలల కష్టం. చెప్పారంటే ఇక్కడే కూలబడుతుంది. నేను చాలామందిని చూశాను.”

“దాచనని మాటిచ్చానండి.”

“ఇలాంటప్పుడు అబద్ధం తప్పు కాదు.”

శశిధర్‌కి అది నిజమే అనిపించింది. అదే అతన్ని భయపెట్టింది. అంత తేలిగ్గా నిజమనిపించే మాటని నమ్మబుద్ధి కాలేదు. ఆసుపత్రిలో నాన్నకి ఎక్స్‌రే తీయడానికే చాలాసేపు పడుతుంది, ఈలోగా తను చేసేదేమీ లేదు అని తనకి తను చెప్పుకున్నాడు. మళ్లీ, ఇక్కడ నిలబడడానికి వంక వెతుక్కుంటున్నానా అనుకున్నాడు. కారు చుట్టూ తిరిగాడు. అమ్మ మళ్లీ చేసింది. “వస్తున్నానమ్మా,” అన్నాడు. ఇంకా కదల్లేదు.

సుష్మిత బయటికొచ్చేసరికి నడుం దాకా బురద. చెంప మీద కొమ్మ గీరుకున్న చార. కానీ కళ్లు మెరుస్తున్నాయి. “బావా, లోపల ఎంత బాగుందో తెలుసా,” అంటూ వచ్చి, అతన్ని చూసి ఆగిపోయింది.

“ఏమైంది?”

“ముందు కూర్చో.”

“ఏమైందో చెప్పు.”

చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తగ్గించలేదు, పెంచలేదు.

సుష్మిత చాప మీద కూర్చుండిపోయింది. చేతిలో పెట్టిన మజ్జిగ అలాగే ఉంది. ఆమెని దాటి ఇద్దరు ముగ్గురు వెళ్లిపోయారు. జీవన్ కుమార్ ‘చెప్పానా’ అన్నట్టు శశిధర్ వైపు చూసి తల తిప్పుకున్నాడు.

“నావల్లే కదా,” అంది.

“గట్టు వల్ల. నీవల్ల కాదు.”

“నువ్వక్కడుంటే—”

“నేనక్కడుంటే నేను దిగేవాణ్ని. నేను పడేవాణ్నేమో. సుష్మీ, ఆ లెక్కకి అంతులేదు. ఇద్దరం వెళ్దామా? నువ్వు వెళ్దామంటే ఇప్పుడే కారెక్కుదాం. నిన్ను ఒక్క మాట అనను, ఎప్పటికీ అనను.”

ఆమె అతని కళ్లలోకి చూసింది. “మావయ్యతో మాట్లాడావా?”

“లేదు. అమ్మతోనే.”

“ఫోన్ చెయ్యి.”

శశిధర్ స్పీకర్ పెట్టి చేశాడు. రాజ్యలక్ష్మి ఎత్తింది. “నాన్నకివ్వమ్మా” అంటే మొదట ఇవ్వలేదు. తర్వాత సైరన్ మోతలో మధుసూదనరావు గొంతు వినబడింది. నొప్పికి మాట మాటకీ ఆగుతున్నాడు.

“పంట బండెక్కిందా?”

“ఎక్కుతోంది నాన్నా. దేవదానం ఉన్నాడు.”

“ఆ పిల్లేది?”

“ఇక్కడే ఉన్నాను మావయ్యా,” అంది సుష్మిత. “నేను ఆపేసి వచ్చేస్తున్నాను.”

“ఎందుకు? నువ్వొచ్చి ఎముక అతికిస్తావా?” పళ్లు బిగబట్టి ఊపిరి తీసుకున్నాడు. “చూడు, నాకు ఈ పరుగులు నచ్చవు. ఇవాళా నచ్చవు, రేపూ నచ్చవు. కానీ సగం పట్టిన చెరువులోంచి వల తియ్యకూడదే అమ్మాయ్. ఉన్నదీ పోతుంది. దిగినదానివి పూర్తి చెయ్యి.”

ఫోన్ రాజ్యలక్ష్మి లాక్కున్నట్టుంది. “ఆయనకి ఇంజక్షను మత్తురా. ఏదో అంటున్నారు. నువ్వు వస్తున్నావా లేదా?”

సుష్మిత మజ్జిగ గుక్కతిప్పుకోకుండా తాగేసింది. బూట్లు విప్పి బురద మేజోళ్లు తీసి అవతల పారేసింది.

“వస్తున్నాడత్తయ్యా,” అంది ఫోన్లోకి. తర్వాత శశిధర్‌తో: “నువ్వు వెళ్లు. ఇప్పుడు మావయ్య దగ్గర కొడుకుండాలి. ఇక్కడ నా కాళ్లుంటే చాలు.”

“ఒక్కదానివీ—”

“ఒక్కదాన్నెందుకవుతాను? మావయ్య దిగినదానివి పూర్తి చెయ్యమన్నాడు. నువ్వు దాచకుండా చెప్పావు. ఇంకేం కావాలి నాకు?” ఆమె చెంపల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి, చేతులు మాత్రం తాళ్లు గట్టిగా ముడివేస్తున్నాయి. “సీసా నింపు. ఖర్జూరాలు ఈ జేబులో పెట్టు. మిగతా డబ్బా తర్వాతి మజిలీకి, కోడూరు పంపించమను. త్వరగా!”

ఈసారి మూత ఒక్క తిప్పుకే వచ్చింది.

*

బందరు ఆసుపత్రి వరండాలో రాజ్యలక్ష్మి ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది. కొడుకుని చూసి లేవలేదు. శశిధర్ పక్కన కూర్చున్నాడు. తల్లీ కొడుకుల మధ్య ఒక చేతిసంచి పట్టేంత ఖాళీ ఉంది. ఇద్దరూ ఆ ఖాళీని అలాగే ఉంచారు.

డాక్టరు అంతకుముందే చెప్పి వెళ్లాడట. తొడ ఎముక విరిగింది. రేపు పొద్దున ఆపరేషన్. ప్రాణానికేమీ లేదు కానీ నెలల తరబడి కాలు కింద పెట్టకూడదు. శశిధర్ లోపలికెళ్లి చూశాడు. మధుసూదనరావు మత్తులో నిద్రపోతున్నాడు. గోళ్లలో చెరువు మట్టి ఉంది. శశిధర్ తువ్వాలు తడిపి ఒక్కొక్క వేలూ తుడిచాడు. పొద్దున్నుంచీ ఆ చేతులకి అదే పని అలవాటైపోయింది.

బయటికొచ్చాక రాజ్యలక్ష్మి అడిగింది: “అక్కడ ఎవరున్నారు?”

“ఎక్కడ?”

“తెలీనట్టు మాట్లాడకు. దాని దగ్గర.”

“ఎవరూ లేరు.”

“పొద్దు వాలిపోతోంది. సముద్రం ఒడ్డున ఆడపిల్ల ఒక్కతే పరిగెడుతోందా?”

“వాళ్ల మనుషులుంటారమ్మా అక్కడక్కడా.”

“అక్కడక్కడా!” రాజ్యలక్ష్మి కొంగు విదిలించింది. “ఇంటి కోడల్ని చీకటివేళ సముద్రం పాలు చేసి ఇక్కడ కూర్చున్నాడంటే నలుగురూ నా మొహానే ఉమ్మేస్తారు. ఇక్కడ నేనున్నాను. దేవదానం దారిలో ఉన్నాడు. నువ్వు నిద్రపోతున్న మనిషికి కాపలా కాసి చేసేదేంటి? లే.”

“అమ్మా—”

“నాకు దాని పరుగు అక్కర్లేదు. అది కావాలి. వెళ్లి తీసుకురా.”

శశిధర్ లేచాడు. ఆమె అతని వైపు చూడకుండా చేతిసంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి బల్ల మీద పెట్టింది. ఎవరికని చెప్పలేదు. అతను అడగలేదు.

*

పాలకాయతిప్ప దాటి ఒడ్డుకి చేరేసరికి ఇసుక మీద ఎండ పూర్తిగా పోయింది, వెలుతురు మాత్రం మిగిలింది. పోటు మీదుంది సముద్రం. జీవన్ కుమార్ పరుగు ముగిసే చోట, హంసలదీవి వైపు కట్టిన రంగు జెండాల దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

“వస్తోంది సార్, కోడూరు దాటింది,” అన్నాడు. “ఆఖరి మనిషి. కానీ టైం దగ్గర పడింది. చీకటి పడ్డాక ఒడ్డున ఎవర్నీ ఉంచం.”

“నేను ఎదురెళ్లొచ్చా?”

“వెళ్లండి. పక్కన నడవండి. కానీ చెయ్యి వెయ్యకూడదు. పట్టుకుని నడిపిస్తే పరుగు పూర్తయినట్టు లెక్క కాదు.”

శశిధర్ తడి ఇసుక మీద నడిచాడు, తర్వాత తనకే తెలియకుండా పరిగెత్తాడు. చాలా దూరంలో ఒక చుక్కలా కనిపించింది. ఆ చుక్క ఊగుతోంది. దగ్గరయ్యేకొద్దీ ఒక కాలు ఈడుస్తోందని తెలిసింది. ఎడమ బూటు చేతిలో ఉంది. ఆ కాలికి మేజోడు మీద టేపు చుట్టుకుంది.

అతన్ని చూడగానే ఆమె అడిగిన మొదటి మాట: “మావయ్య?”

“నిద్రపోతున్నాడు. రేపు ఆపరేషన్. భయం లేదన్నారు.”

“పంట?”

“మొత్తం బండెక్కింది. జబ్బు తగల్లేదు.”

ఆ రెండు మాటలు వినడానికే అంతదాకా నిలబడ్డట్టు సుష్మిత ఇసుకలో మోకాళ్ల మీద కూలబడింది. అల ఒకటి వచ్చి ఆమె చుట్టూ తిరిగి వెళ్లింది. శశిధర్ చేతులు ముందుకొచ్చాయి.

“ముట్టుకోకు!” అంది. అరుపులా వచ్చింది. “తెలుసు నాకు రూలు. ముట్టుకోకు బావా.”

అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అంత కష్టమైన పని ఆ రోజంతటిలో చెయ్యలేదు. ఇంకో అల వచ్చింది. ఆమె ఒక చెయ్యి ఇసుకలో నాటింది. జారింది. మళ్లీ నాటింది. దూరంగా జెండాల దగ్గర ఈల వినబడింది.

“తొందర పెడుతున్నాడా?”

“పెట్టనీ. నువ్వు లే.”

“లేస్తున్నా.”

లేచింది. ఎలా లేచిందో శశిధర్‌కి అర్థం కాలేదు. మొదట నడుము లేచింది, తర్వాత తల లేచింది. అతను పక్కన జానెడు ఎడంగా నడిచాడు. ‘దగ్గరకొచ్చేశాం’ అనబోయి మానుకున్నాడు, ఇంకా దగ్గర కాలేదు గనక. ఆమె ఊపిరికి తన అడుగు కలిపాడు. జెండాలు కనిపించినప్పుడు ఆమె పరుగు అందుకుంది. దాన్ని పరుగంటారో అనరో, ఆమె మాత్రం నడవలేదు.

జెండాల మధ్య పరిచిన తాడు దాటాక జీవన్ కుమార్ ఈల వెయ్యడం మర్చిపోయాడు. ముందే వచ్చేసిన కుర్రవాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్లు చప్పట్లు కొట్టారు. సుష్మిత అవేవీ చూడలేదు. చేతిలోని బూటు కింద పడేసి, “ఇప్పుడు పట్టుకో,” అంది.

శశిధర్ పట్టుకున్నాడు.

కారు వెనక సీట్లో ఆమెని కూర్చోబెట్టి కాళ్ల మీద తువ్వాలు కప్పుతుంటే ఫోన్ మోగింది. అమ్మ. అతను స్పీకర్ నొక్కాడు.

“దొరికిందా?” అంది రాజ్యలక్ష్మి.

“ఇక్కడే ఉంది. పూర్తి చేసిందమ్మా.”

అటువైపు నుంచి చిన్న మూలుగు లాంటిదేదో వినిపించింది. సంతోషమో, నిట్టూర్పో. తర్వాత గొంతు గట్టిపడింది.

“సరే, విను. మీ నాన్నకి మెలకువ వచ్చింది. డాక్టరు మళ్లీ వచ్చాడు. ఆరు నెలల దాకా ఈ మనిషి చెరువు గట్టు ఎక్కలేడు. చెరువులు నువ్వొక్కడివీ చూడాలి. ఇల్లూ, ఈయనా నా ఒక్కదానివల్ల కాదు. ఇక నువ్వు వెనకాల తిరగడాలూ, అది ముందు పరిగెత్తడాలూ కుదరవు. దాన్ని కూడా ఇక్కడికే తీసుకురా. మాట్లాడి తేల్చుకోవాలి. ఇవాళే.”

“అమ్మా, ఇవాళ వద్దు. తను—”

సుష్మిత చెయ్యి చాచి ఫోన్ అందుకుంది.

“వస్తున్నానత్తయ్యా. మావయ్యని చూడకుండా నాకూ నిద్ర పట్టదు. నువ్వు మాట్లాడాల్సింది మాట్లాడు, నాకూ చెప్పాల్సింది ఉంది. మావయ్య పని నేను తప్పించుకోను. పరుగు మాత్రం మానను.” ఊపిరి తీసుకుంది. “ఒక్కటే. నేను నిలబడి మాట్లాడలేను. కూర్చునే మాట్లాడతాను.”

ఆసుపత్రి వరండాలో ఎవరో ట్రాలీ తోసుకెళ్తున్న చప్పుడు వినబడింది. లైను తెగిందేమోనని శశిధర్ తెర వైపు చూశాడు.

“కుర్చీ వేసి ఉంచుతాను,” అంది రాజ్యలక్ష్మి. “రా.”